కడుపునొప్పి అంటే సరిపోదు

ఖతార్‌లోని దోహాకి సర్దుకునే సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, వాము పొట్లం పక్కనే నెలసరి నొప్పికి వేసుకునే మెఫ్టాల్ స్పాస్ మాత్రల షీట్లు ఒకటో రెండో కూడా ఉంటాయి. వాటితోపాటు నెలసరి నొప్పిని నోరెత్తకుండా భరించే అలవాటు కూడా విమానమెక్కుతుంది. ఓర్చుకోవడమే గొప్ప గుణమని పెంచారు మరి. పెళ్లయితే తగ్గుతుందన్నారు, పెళ్లయ్యాక పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. ఎండోమెట్రియోసిస్ ఈ ముహూర్తాలేవీ పట్టించుకోదు. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీదో పేగుల మీదో పెరగడమే ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఉంది. చాలామందికి దాని పేరు తెలియడానికే ఏళ్లు పడుతుంది.

ఆ ఆలస్యంలో కొంత డాక్టర్లది, కొంత మన మొహమాటానిది. "కడుపునొప్పండీ" అని ఊరుకుంటే ఓ మాత్ర రాసి పంపేస్తారు. "నెలసరికి రెండు రోజుల ముందే మొదలవుతుంది, నడుం నుంచి తొడ దాకా లాగేస్తుంది, దొడ్డికి వెళ్తే పొడిచినట్టుంటుంది, కలయికలోనూ నొప్పే, పదికి ఎనిమిది, మాత్ర వేసుకున్నా డ్యూటీకి వెళ్లలేకపోయాను" అంటే డాక్టర్ పెన్ను పక్కన పెట్టి వింటారు. పక్కన కూర్చున్న భర్త మనకి బదులు చెప్పే విషయం కాదిది. ఏ రోజు ఎంత నొప్పి, ఏ మాత్ర, ఏ పని ఆగింది అని ఫోన్లో రాసుకోవాలి.  నాకైతే ఇలా విడమరిచి చెప్పుకోవడమే అసలు ధైర్యం.

ఖతార్‌లో హెల్త్ కార్డుతో ముందు దగ్గర్లోని హెల్త్ సెంటర్‌కి, అక్కడి రెఫరల్‌తో ప్రభుత్వ హమద్ సంస్థ వాళ్ల మహిళా ఆస్పత్రికి వెళ్లాలి. స్కానింగ్ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని అర్థం కాదు. స్కాన్ బాగానే ఉన్నా ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చా అని డాక్టర్‌ని మీరే అడగండి.

వేడినీళ్ల సంచి నిజంగానే పనిచేస్తుంది. శొంఠి కషాయం కొందరికి ఉపశమనం. వాము నీళ్లు తాగితే తప్పులేదు, కానీ ఇవేవీ ఆ కణజాలాన్ని కరిగించవు. మెఫ్టాల్‌లో ఉండే మెఫెనమిక్ ఆసిడ్, ఐబుప్రోఫెన్ లాంటివి నొప్పి ముదిరాక కన్నా మొదలవుతూనే, తిన్న తర్వాత వేసుకుంటే బాగా పనిచేస్తాయి. అల్సర్, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. 2023లో మెఫెనమిక్ ఆసిడ్‌తో అరుదుగా వచ్చే తీవ్రమైన ఎలర్జీ గురించి మన ఇండియన్ ఫార్మకోపియా కమిషనే హెచ్చరించింది. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. వీటితో తగ్గకపోతే డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రలున్నాయి. పిల్లలు కావాలనుకుంటున్నామని ముందే చెబితే దారి వేరు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మాత్రలు మాత్రం ఇండియా నుంచి పట్టుకురావద్దు. ఖతార్‌లో వాటి మీద గట్టి నియంత్రణ ఉంది.

ఖతార్ ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లకి డాక్టర్ చుట్టూ తిరిగేంత వెసులుబాటు ఉండదు. అక్కడి ఇంటి పనివాళ్ల కోసం ఉన్న 2017 నాటి 15వ నంబరు చట్టం రోజుకి 10 గంటలకు మించి పని వద్దని, వారానికో రోజు సెలవివ్వాలని చెబుతుంది. పనిచేసే ఇంటి మేడమ్‌కి మొదటి నెలలోనే చెప్పేయడం మేలు: పని మానేస్తానని కాదు, నొప్పి ఎక్కువగా ఉండే ఆ రెండు రోజులూ తివాచీలు దులిపే పని పక్కకి జరపమని.