పిల్లల గాలం పోటీ: న్యాయంగా, భద్రంగా నడిపే పద్ధతి

మోత్కూర్ చుట్టుపక్కల పిల్లలకు చెరువంటే చనువు ఎక్కువ. మత్తడి దుంకితే చూడటానికి పోతారు, ఎండాకాలం ఈతకు దిగుతారు, సెలవు రోజున కట్ట మీద గాలం వేసుకుని కూర్చుంటారు. ఈ చనువే ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తుంది. చెరువు గుంతల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు ప్రతి ఎండాకాలం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. పిల్లలను నీటికి పూర్తిగా దూరం పెట్టడం ఊళ్లలో సాగే పని కాదు. పెద్దల కళ్ల ముందు, ఒక పద్ధతి ప్రకారం నీటి దగ్గర మెలగడం నేర్పడమే సాగే పని. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు గాలం పోటీ పెట్టడం అందుకు ఒక మంచి సాధనం. కానీ సరిగా నడపని పోటీ తానే ప్రమాదం తెస్తుంది, పిల్లల మధ్య మనస్పర్థలూ పెంచుతుంది. అందుకే ఇలాంటి పోటీకి సాయం చేసే దాతలు నిర్వాహకులను ఏమేమి అడగాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాం.

ఫ్లై ఫిషింగ్ నేర్పే పాఠం

మన గాలానికి ఎర, సీసపు గుండు బరువు ఉంటుంది. ఆ బరువే దారాన్ని నీటిలోకి తీసుకుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలు, దారం చుట్టి ఈగలా తయారు చేసిన చిన్న కొక్కెం. దానికి బరువు ఉండదు కాబట్టి దారాన్నే బరువుగా తయారు చేస్తారు. దాన్ని వెనక్కీ ముందుకూ ఊపి విసురుతారు. ఈ ఆట ఎక్కువగా ట్రౌట్ చేపల కోసం ఆడతారు. ట్రౌట్‌కు చల్లని పారే నీరు కావాలి. బ్రిటిష్ వారి కాలంలో తెచ్చి వదిలిన ట్రౌట్ కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్ ఏరుల్లో ఇప్పటికీ ఉంది. నల్లగొండ చెరువుల వెచ్చని నీటిలో అది బతకదు.

ఆ చేప మనకు లేకపోయినా ఆ పోటీల నియమాలు మనకు పనికొస్తాయి. ఫిప్స్ మూష్ అనే అంతర్జాతీయ సమాఖ్య 14 నుంచి 18 ఏళ్ల వారికి ప్రపంచ పోటీలు జరుపుతుంది. అక్కడ కొక్కేనికి ముల్లు ఉండకూడదు. ఎవరు ఏ జాగాలో నిలబడాలో చీటీ తీసి తేలుస్తారు. చేపను తూకం వేయరు, పొడవు కొలుస్తారు. పక్కన ఒక పర్యవేక్షకుడు ఉండి కొలత రాసుకుంటాడు. ఈ నాలుగు నియమాలనూ వెదురు గాలంతో ఆడే మన పోటీకి అలాగే తీసుకోవచ్చు.

చేపలు ఎవరివి?

చెరువులో చేపలు పట్టే హక్కు సాధారణంగా ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న బొచ్చె, రోహు, బంగారుతీగ పిల్లలను కాపాడి పెంచుకునేది వాళ్లే. అది వాళ్ల సంవత్సరపు సంపాదన. కాబట్టి మొదట సంఘం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. తర్వాత మత్స్యశాఖకూ పోలీస్ స్టేషన్‌కూ తెలియజేయాలి.

పట్టిన చేపను ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. చాలా దేశాల్లో కొలిచి వదిలేస్తారు. కేవలం ఆట కోసం ప్రాణిని నొప్పించడం పట్ల మన ఆలిముల్లో అభ్యంతరం చెప్పేవారున్నారు. తినడానికి పట్టడంలో ఆ అభ్యంతరం లేదు. అందుకే మేము సూచించే పద్ధతి ఇది: 25 సెంటీమీటర్లకు తక్కువ ఉన్న చేపను చేతులు తడి చేసుకుని వెంటనే నీటిలో వదలాలి, దానికి మార్కులు లేవు. అంతకు మించిన చేపను సంఘం చెప్పిన ధరకు కొని, ఆ రోజు పిల్లల భోజనానికే వండించాలి. అప్పుడు సంఘానికి నష్టం ఉండదు, చేప వృథా కాదు.

వానాకాలంలో పోటీ వద్దు. మన రాష్ట్ర చేప కొర్రమీను ఆ కాలంలోనే పిల్లలు పెడుతుంది. తల్లిదండ్రి చేపలు పిల్లల గుంపును కాపలా కాస్తాయి. వాటిని పట్టేస్తే గుంపంతా వేరే చేపల నోట పడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ఆదివారం ఉదయం 7 నుంచి 10 వరకు అనుకూలమైన సమయం.

న్యాయం ఎలా నిలబడుతుంది?

14, 15 ఏళ్ల వారికి ఒక రోజు, 16 నుంచి 18 వారికి మరో రోజు పెట్టాలి. ఒక రోజుకు 18 మంది చాలు. గాలాలు, ఎర సొసైటీయే అందరికీ ఒకే రకంవి ఇవ్వాలి. హైదరాబాద్ నుంచి ఖరీదైన రాడ్ తెచ్చుకున్న పిల్లవాడూ, వెదురు కర్ర కోసుకొచ్చిన పిల్లవాడూ ఒకే పోటీలో ఉంటే అది పోటీ అనిపించుకోదు.

చెరువు అంచును మూడు భాగాలు చేయాలి. చీటీలు తీసి ఆరుగురు చొప్పున మూడు జట్లు చేయాలి. ఒక్కో విడత 40 నిమిషాలు. మూడు విడతల్లో ప్రతి జట్టూ మూడు భాగాల్లోనూ నిలబడుతుంది. మంచి జాగా దొరికింది ఒక్కరికే అనే మాట అప్పుడు రాదు.

మార్కులకు ప్రపంచ పోటీల్లో వాడిన లెక్కే తీసుకుందాం: చేపకు 100, ప్రతి సెంటీమీటరుకు 20. మొదలైన సెంటీమీటరును పూర్తిగా లెక్కిస్తారు. ఒక అమ్మాయి 31.2, 26.5 సెంటీమీటర్ల చేపలు రెండు పట్టిందనుకుందాం. వాటిని 32, 27గా తీసుకుంటే 740, 640 కలిపి 1,380 మార్కులు. ఇంకొకరు 52 సెంటీమీటర్ల బొచ్చె ఒక్కటి పడితే 1,140. తూకం వేస్తే రెండోవారు గెలిచేవారు. ఈ లెక్కలో ఒక్కసారి కలిసొచ్చిన అదృష్టం కన్నా మళ్లీ మళ్లీ పట్టిన నేర్పుకు విలువ ఎక్కువ.

ప్రతి విడతలో జట్టులోని ఆరుగురికీ 1 నుంచి 6 వరకు స్థానాలు ఇచ్చి, మూడు విడతల స్థానాలు కూడాలి. తక్కువ వచ్చినవారే విజేత. 1, 4, 2 వచ్చినవారికి 7 అవుతుంది. మూడుసార్లూ రెండో స్థానం వచ్చినవారికి 6 అవుతుంది, వారే ముందు. మొత్తం సమానమైతే మార్కులు చూడాలి.

కొలత చీటీ మీద పిల్లవాడూ పర్యవేక్షకుడూ ఇద్దరూ సంతకం చేయాలి. అభ్యంతరం ఉంటే విడత ముగిసిన అరగంటలో చెప్పాలి. తన బంధువు ఉన్న జట్టును ఎవరూ కొలవకూడదు. దాతల పిల్లలు పోటీలో ఉంటే ఈ నియమం మరింత గట్టిగా పాటించాలి. మన మీద ఊరు పెట్టుకున్న నమ్మకం అక్కడే తెలిసిపోతుంది.

ప్రాణభద్రత

ముందు రోజు మత్స్యకారులతో కలిసి అంచంతా నడవాలి. పొడవాటి వెదురుతో లోతు చూడాలి. మట్టి, మొరం కోసం తవ్విన గుంతలు నీళ్లు నిండాక కంటికి కనపడవు. ఒక్క అడుగు పక్కకు వేస్తే నిలువు లోతు. అలాంటి చోట ఎర్ర జెండా పాతి, ఆ భాగాన్ని పోటీ నుంచి తీసేయాలి. తూము దగ్గర, మత్తడి దగ్గర అసలే వద్దు. నీటి అంచుకు ఐదడుగుల ఇవతల సున్నంతో గీత గీయాలి, పిల్లలు ఆ గీత దాటకూడదు.

పైన కరెంటు తీగలున్న చోటు కూడా వద్దు. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది, తడిసిన వెదురులోనూ పారుతుంది. ఉరుము వినిపించగానే పోటీ ఆపి అందరినీ పక్కా భవనంలోకి తీసుకుపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలి. ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. కొలబద్ద, విజిల్ రెండూ ఆ మనిషి చేతిలోనే ఉంటాయి. కొలత సరిగా రావాలన్నా, కాలు జారిన పిల్లవాడు ఆ క్షణమే కంటపడాలన్నా దగ్గర మనిషి ఉండాలి. న్యాయానికీ భద్రతకూ వేర్వేరు ఏర్పాట్లు అక్కర్లేదు. 18 మంది పిల్లలకు తొమ్మిదిమంది కావాలి. ఆడపిల్లల దగ్గర మహిళలే ఉండాలి. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా చాటుకు వెళ్లకూడదు.

పిల్లలందరికీ, పర్యవేక్షకులకూ కలిపి 27 లైఫ్ జాకెట్లు కావాలి. ఈత వచ్చినా తొడుక్కోవాల్సిందే. భాగానికొకటి చొప్పున 50 అడుగుల తాడు, దాని కొసకు మూత బిగించిన ఖాళీ డబ్బా కట్టి ఉంచాలి. ఎవరైనా నీటిలో పడితే ముందు కర్ర అందించాలి, అందకపోతే తాడు విసరాలి. పిల్లలెవరూ దూకకూడదు. దిగేది తెప్ప మీద సిద్ధంగా ఉన్న మత్స్యకారుడే, ఆయనకు ఆ రోజు కూలి ఇవ్వాలి. బయటికి తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కడం తప్పు. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊదుతూ ఛాతీ నొక్కాలి. ఆ పద్ధతి నేర్చినవారు ఒకరైనా అక్కడ ఉండాలి. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

గాలం ఊపేటప్పుడు కొక్కెం పక్కవాళ్లకు తగలకుండా ఇద్దరి మధ్య 40 అడుగుల దూరం ఉంచాలి. టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి. కొక్కెం ముల్లును ముందే పటకారుతో నొక్కేస్తే వేలికి గుచ్చుకున్నా తేలికగా వస్తుంది. కంటికి తగిలితే లాగకూడదు, కాగితపు కప్పు బోర్లించి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సొమ్ము సంగతి

పిల్లల దగ్గర రుసుము వసూలు చేసి, ఆ సొమ్మే గెలిచినవారికి ఇస్తే అది పందెం అవుతుంది. అది మనకు హరామ్. పోటీ పిల్లలకు ఉచితంగా ఉండాలి, బహుమతి దాతల చందా నుంచే రావాలి. జకాత్ సొమ్ముకు హక్కుదారులు వేరే ఉన్నారు, దాన్ని ఇందులో కలపకూడదు. నగదు బహుమతి కన్నా స్కూలు బ్యాగు, పుస్తకాలు, సైకిల్ మేలు. పాల్గొన్న ప్రతి పిల్లవాడికీ ఏదో ఒకటి అందాలి.

దాతలను కోరేది ఒక్కటే. కప్పు ఎంత పెద్దదని అడగకండి. లైఫ్ జాకెట్లు కొన్నారా, ఇద్దరికి ఒక మనిషి ఉన్నాడా, సంఘం అనుమతి కాగితం ఏదీ అని అడగండి. ఈ మూడింటికీ జవాబు దొరికాకే చందా ఇవ్వండి. డబ్బు తక్కువైతే కప్పును వదులుకోవచ్చు, జాకెట్లను వదులుకోకూడదు. అవి ఒక్క రోజుతో అయిపోయేవి కావు. ఎండాకాలంలో పిల్లలకు ఈత నేర్పడానికీ అవే పనికొస్తాయి.