ముద్ద మందారం, రేక మందారం

వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని అడిగారు. ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రంలో చదివిన వాటిలో ఏది రాద్దామా అని ఆలోచించి, చివరికి మన కడియం పూల సంగతే రాస్తున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదటివాళ్లం. అయినా పువ్వుల గురించి మాకంటే ముందు తెలిసింది అమ్మకే. కడియపులంకలో నర్సరీ కూలికి వెళ్లే అమ్మ, "ముద్ద మందారానికి గింజ రాదురా, కొమ్మే గుచ్చాలి" అనేది. ఎందుకని అడిగితే "ముద్దది కదా!" అనేది. ఆ మాటకు అర్థం తెలియడానికి మాకు పీజీ దాకా పట్టింది.

హైస్కూల్లో పువ్వు పాఠానికి మనమందరం మందారమే కోశాం. బయట నుంచి లోపలికి నాలుగు వలయాలు: రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, కేసరాలు, అండకోశం. పుట్టినప్పుడు నాలుగూ ఒకేలాంటి చిన్న బుడిపెలే. మరి ఏ బుడిపె రేకు కావాలో, ఏది కేసరం కావాలో చెప్పేదెవరు? పూభాగాలన్నీ రూపం మారిన ఆకులేనని జర్మన్ కవి గోథే 1790లోనే రాశాడు. దానికి జన్యువుల జవాబు 1991లో వచ్చింది. అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్క మీద పనిచేసిన మెయెరోవిట్జ్, స్నాప్‌డ్రాగన్ పూల మీద పనిచేసిన కోయెన్ కలిసి 'ఎ-బి-సి నమూనా'ను వివరించారు.

ఇది బట్టీ పట్టవలసింది కాదు, ఒక్కసారి అర్థమైతే చాలు. 'ఎ' వర్గం జన్యువులు ఒక్కటే పనిచేసిన చోట రక్షక పత్రం వస్తుంది. 'ఎ', 'బి' కలిస్తే ఆకర్షణ పత్రం, 'బి', 'సి' కలిస్తే కేసరం, 'సి' ఒక్కటే అయితే అండకోశం. 'ఎ', 'సి' ఒకదాన్నొకటి రానివ్వవు. 'సి' తప్పుకున్న చోటికి 'ఎ' వచ్చి కూర్చుంటుంది. మూడూ పోతే పువ్వు స్థానంలో ఆకుల్లాంటివే మిగులుతాయి. గోథే మాట నిజమే అయింది!

ఇప్పుడు 'సి' పని చెడిందనుకోండి. మూడో వలయంలో 'బి'కి 'ఎ' తోడవుతుంది కాబట్టి కేసరం రావలసిన చోట రేకు వస్తుంది. 'సి'కి ఇంకో పని కూడా ఉంది: "ఇక చాలు, పువ్వు పూర్తయింది" అని మొగ్గ కొనను ఆపేది అదే. అది లేకపోతే అండకోశం ఉండవలసిన చోట లోపల మరో పువ్వు మొదలవుతుంది. రేకు మీద రేకు పేరుకుంటుంది. అరబిడాప్సిస్‌లో ఇది స్పష్టంగా చూశారు. గులాబీలోనూ 'సి' జన్యువు పనిచేసే మేర కుంచించుకుపోతే రేకులు పెరుగుతాయని తేలింది. మన వాళ్లు ఎప్పటినుంచో 'ముద్ద' అంటున్నది ఇలాంటి పువ్వునే. కేసరాలు రేకులైపోతే పుప్పొడి ఎక్కడిది? గింజ ఎక్కడిది? అందుకే ముద్ద నందివర్ధనమైనా, ముద్ద మందారమైనా మనిషి చెయ్యి పడితేనే మరుసటి తరం. కొమ్మ కత్తిరించి నాటే కూలీల పనికి ఆధారం ఒక రకంగా ఈ జన్యువు లోపమే. (రేక మందారానికి కూడా మన దగ్గర గింజ అరుదే, దాన్నీ కొమ్మతోనే పెంచుతారు. అమ్మతో వాదించి మేము తెలుసుకున్నది అది.)

ముద్దబంతిని మాత్రం ఈ లెక్కలో కలపకండి. బంతి ఒక్క పువ్వు కాదు, బోలెడు చిన్న పూల గుత్తి. అందులో మధ్యనుండే గొట్టపు పూలు కూడా అంచు పూలలా రేకు సాచడం వల్ల ముద్దగా కనిపిస్తుంది. పరీక్షలో చాలామంది తప్పేది ఇక్కడే.

ఇంతవరకు ఏ భాగం ఎక్కడ అన్నది చూశాం. ఎప్పుడు పూయాలి అన్నది వేరే కథ. చలికాలంలో కడియం నర్సరీల్లో రాత్రిపూట చామంతి మళ్ల మీద బల్బులు వెలుగుతుంటాయి. మొక్కకు చలి వేయకుండా అనుకునేవాళ్లం చిన్నప్పుడు! చామంతి రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. దీపం పెట్టి ఆ రాత్రిని తెగ్గొడితే పూయకుండా కొమ్మలు వేస్తూ పోతుంది. ఆకు రాత్రి నిడివిని కొలిచి, కొనకు ఒక కబురు పంపుతుందని రష్యా శాస్త్రవేత్త చైలాఖ్యాన్ 1937లో చెప్పి, దానికి 'ఫ్లోరిజెన్' అని పేరు పెట్టాడు. అదేమిటో డెబ్బై ఏళ్లు దొరకలేదు. 2007లో అరబిడాప్సిస్‌లోనూ వరిలోనూ అది ఒక చిన్న ప్రోటీన్ అని తేలింది. పాత సార్వా రకాలు కొన్ని నారు ముందు పోసినా వెనక పోసినా పగలు తగ్గాకే ఈనేవంటే కారణం ఈ కబురే.

ఇక హార్మోన్లు. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మేము జూనియర్ ఇంటర్‌లో ఉండగా నాన్న లంకలో ముప్ఫై సెంట్లు కౌలుకు తీసుకుని కీరదోస వేశాడు. కాయ బాగా పట్టే మందు కావాలని అడిగితే షాపులో ఒక సీసా ఇచ్చారు. తీగ నాలుగాకుల మీద ఉండగా కొట్టాడు, వారానికి మళ్లీ కొట్టాడు. తీగ చూడముచ్చటగా సాగింది, పూత విరగబూసింది. కానీ పువ్వు వెనక పిందె లేదు. అన్నీ మగపూలే. సెలవులకు వెళ్లి సీసా చూస్తే జిబ్బరెల్లిక్ ఆమ్లం అని ఇంగ్లీషులో ఉంది. చదవగలిగాం గానీ అదేం చేస్తుందో తెలియదు. ఆ పాఠం సీనియర్ ఇంటర్‌లో ఉంది. ఆ ఏడు కౌలు డబ్బులు కూడా రాలేదు.

దోస మొగ్గలో మొదట కేసరాలు, అండకోశం రెండూ మొలకెత్తుతాయి. తరువాత ఒకటి ఆగిపోతుంది. ఇథిలీన్ ఎక్కువైతే కేసరాలు ఆగి ఆడపువ్వవుతుంది, జిబ్బరెల్లిన్ ఎక్కువైతే మగవైపు మొగ్గుతుంది. ఎథ్రెల్ మందు మొక్కలో ఇథిలీన్‌గా మారుతుంది కనుక నాన్న అడగవలసింది అది. జన్యువుకీ హార్మోనుకీ ఉన్న లంకె కూడా ఈ దోసలోనే బాగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఆడపూలే పూసే కీర రకాల్లో ఇథిలీన్ తయారీకి సంబంధించిన జన్యువు ఒకటి అదనంగా ఉంటుంది. అంటే జన్యువు ఇంటి లోపలి నుంచి చేసే పనిని సీసాలోని మందు బయటి నుంచి చేస్తోంది. ఏ సీసా అన్నదే ప్రశ్న.

మిగతావి క్లుప్తంగా: కొనలో ఆక్సిన్ పోగయిన చోటనే పూమొగ్గ లేస్తుంది. ఆక్సిన్‌ను మోసే జన్యువు చెడిన అరబిడాప్సిస్ కాడ పువ్వు లేకుండా సూదిలా నిలబడుతుంది. నర్సరీలో కొమ్మ మొదలు వేర్ల పొడిలో ముంచుతారే, అందులో ఉండేదీ ఆక్సిన్ జాతిదే. సైటోకైనిన్లు కొనలో కణాల సంఖ్యను పెంచుతాయి. జాస్మోనిక్ ఆమ్లం కుటుంబానికి పేరు వచ్చిందే మల్లెజాతి పూల నూనె నుంచి. అది లేకపోతే అరబిడాప్సిస్‌లో పుప్పొడి సంచులు సరిగా పగలవు.

తమ్ముళ్లూ, ఈ ఆదివారం ఒక రేక మందారం, ఒక ముద్ద మందారం తెచ్చి బ్లేడుతో నిలువునా కోయండి. ముద్దదాంట్లో లోపలి రేకులను ఒక్కొక్కటే విడదీసి అంచులు చూడండి. కొన్నింటికి పసుపు పచ్చని పుప్పొడి సంచి ఇంకా అతుక్కునే ఉంటుంది. కేసరం కాబోయి సగంలో రేకైపోయింది అదే. బొమ్మ గీసి భాగాలు గుర్తించి, మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు చూపించండి.