పాత స్కూటరు మళ్లీ కదిలింది

రాజమ్మ ఇంటి వసారాలో ఒక పాత స్కూటరు ఉంది. దాని పేరు చేతక్. రంగు నీలం. దుమ్ము పట్టి ఆ రంగే తెలియడం లేదు. రాత్రయితే కోళ్లు దాని సీటు మీద పడుకుంటాయి.

అది రాజమ్మ భర్త కొన్న బండి. 1996లో కొన్నాడు. ఆయన చనిపోయి చాలా కాలమయింది. అప్పటినుంచి బండిని ఎవరూ కదిలించలేదు.

రాజమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్ముతుంది. ఊరి నుంచి బస్టాండుకు మూడు కిలోమీటర్లు. పిండి గిన్నెలు, పళ్లేలు ఆటోలో తీసుకుపోతుంది. పోనూ రానూ రోజుకు 100 రూపాయలు ఆటోకే పోతాయి. నెలకు 3000 రూపాయలు.

ఒకరోజు పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు.

"4000 ఇస్తానమ్మా. ఇంతకన్నా ఎవరూ ఇవ్వరు" అన్నాడు.

కూతురు సరోజ గబగబా బయటికి వచ్చింది. "అమ్మా, అమ్మొద్దే. నాకు లైసెన్సు ఉందిగా. బాగు చేయిస్తే నేనే నడుపుతా. నీకు ఆటో ఖర్చు తప్పుతుంది" అంది.

టౌను నుంచి ఒక మెకానిక్కును పిలిచారు. అతను రెండు కిక్కులు కొట్టాడు. "ఇంజను పోయింది. బోరు చేయాలి. 9000 అవుతుంది" అన్నాడు. ఒక్క నట్టు కూడా విప్పి చూడలేదు.

రాజమ్మ దిగులు పడింది. 9000 ఎక్కడినుంచి తేవాలి? అమ్మేద్దామా అనుకుంది. చివరకు నాలుగు రోడ్ల కూడలిలో షెడ్డు నడిపే మస్తాన్ అన్నను అడుగుదామని వెళ్లింది.

చేతక్ అంటే ఏమిటి?

చేతక్ అనేది రాణా ప్రతాప్ గుర్రం పేరు. పూనాలోని బజాజ్ కంపెనీ 1972లో ఈ స్కూటరును తెచ్చింది. ఆ రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తేనే బండి దొరికేది. తర్వాత పెట్రోలు చేతక్ తయారీ ఆగిపోయింది. 2020 నుంచి అదే పేరుతో కరెంటు బండి వస్తోంది. అయినా పాత చేతక్‌లు ఇంకా చాలా ఊళ్లలో ఉన్నాయి. వాటి సామాను తెలిసిన మెకానిక్కులూ ఉన్నారు.

మూడు ఉంటేనే ఇంజను

మస్తాన్ వచ్చి కిక్కును కాలితో మెల్లగా నొక్కాడు.

"చెల్లెమ్మా, కిక్కు బిగువుగా ఉంది. కాలికి ఎదురు తంతోంది. అంటే ఇంజను లోపల బలం ఉంది. బోరు సంగతి ఇప్పుడే వద్దు. తేలికైనది ముందు చూద్దాం. ఖర్చయ్యేది చివర చూద్దాం" అన్నాడు.

"ఏం చూస్తావన్నా?" అని అడిగింది రాజమ్మ.

"నీ పంపు స్టవ్వుకు ఏం కావాలి? నూనె రావాలి. గాలి ఆడాలి. అగ్గిపుల్ల గీయాలి. ఇంజనుకూ అంతే. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. మూడింటిలో ఏది అందకపోయినా బండి కదలదు."

పెట్రోలు: సీటు కింద ముందు వైపు పెట్రోలు నాబు ఉంటుంది. మూయడానికి ఒక చోటు, తెరవడానికి ఒక చోటు, రిజర్వుకు ఒక చోటు. మస్తాన్ ట్యాంకులోని పెట్రోలు బయటికి తీశాడు. అది ఎర్రగా, కంపు కొడుతూ ఉంది. ఏళ్ల తరబడి నిలవ ఉన్న పెట్రోలు చెడిపోతుంది. జిగురుగా మారి కార్బొరేటరులోని సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. ఆ రంధ్రం ఉన్న ముక్కను జెట్టు అంటారు.

"స్టవ్వుకు పిన్ను పెట్టి పొడిచినట్టు పొడవాలా?" అంది రాజమ్మ.

"వద్దు. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కడిగి గాలి కొట్టాలి. అంతే."

రబ్బరు పైపు కూడా పగిలి ఉంది. దాన్ని మార్చాడు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ అనే స్పిరిట్ కలుస్తోంది. 2025 నాటికి అది 20 శాతానికి చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరును పాడు చేస్తుంది. అందుకే పాత బండిలో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకూడదు. పైపును అప్పుడప్పుడూ చూసుకోవాలి.

గాలి: కార్బొరేటరు దగ్గర గాలి వడపోసే జల్లెడ ఉంటుంది. దాని నిండా దుమ్ము, కోడి ఈకలు. మస్తాన్ తీసి కడిగి ఆరబెట్టాడు.

నిప్పురవ్వ: ఇంజను బండికి కుడి పక్క ఉంటుంది. పక్క డోము తీస్తే ప్లగ్గు కనిపిస్తుంది. మస్తాన్ ప్లగ్గును పానాతో విప్పి రాజమ్మకు చూపించాడు.

"ప్లగ్గు నీతో మాట్లాడుతుంది, చెల్లెమ్మా. ఇటుక రంగులో ఉంటే ఇంజను బాగున్నట్టు. నల్లగా మసి పట్టి జిడ్డుగా ఉంటే నూనె ఎక్కువైనట్టు. కిక్కులు కొట్టినా పొడిగా ఉంటే పెట్రోలు అందనట్టు."

ఈ ప్లగ్గు నల్లగా ఉంది. అరిగిపోయింది కూడా. కొత్తది వేశాడు. పెట్రోలు ఒలికిన చోట ప్లగ్గు పరీక్ష చేయకూడదని చెప్పాడు. చిన్న నిప్పురవ్వ చాలు, మంట అంటుకుంటుంది.

నూనె లెక్క

పాత చేతక్ టూ స్ట్రోకు బండి. ఇందులో పెట్రోలుతో పాటు టూటీ నూనె కలపాలి. నూనె తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. అప్పుడు నిజంగానే బోరు ఖర్చు వస్తుంది. నూనె ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు మసి పడుతుంది.

బండి పుస్తకంలో 2 శాతం అని రాసి ఉంది. సరోజ చదివింది. రాజమ్మ రాత్రి బడిలో నేర్చుకున్న లెక్క వేసింది. లీటరు అంటే 1000 మిల్లీలీటర్లు. అందులో 2 శాతం 20 మిల్లీలీటర్లు. రెండు లీటర్లకు 40. బంకులో ముందు నూనె పోయించి, తర్వాత పెట్రోలు పోయించాలి. అప్పుడు బాగా కలుస్తుంది.

నడిచే ముందు ఆగాలి

మస్తాన్ నాలుగో కిక్కు కొట్టాడు. బండి దగ్గింది. మళ్లీ కొట్టాడు. గుప్పున పొగ వచ్చింది. ఇంజను పలికింది. కోళ్లు గోల చేస్తూ పారిపోయాయి. రాజమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ చప్పుడు విని చాలా కాలమయింది మరి.

సరోజ ఎక్కబోయింది. మస్తాన్ ఆపాడు. "ఆగు తల్లీ. ముందు ఇది ఆగుతుందో లేదో చూడాలి."

బ్రేకు కేబుళ్లు తుప్పు పట్టి ఉన్నాయి. టైర్లు పైకి బాగానే ఉన్నాయి, కానీ పక్కల బీటలు వారాయి. కేబుళ్లు, రెండు టైర్లు మార్చాడు.

చేతక్ చక్రం విప్పేవాళ్లు ఒక సంగతి మరచిపోకూడదు. దీని రిమ్ము రెండు ముక్కలు. రెండింటినీ కలిపే నట్లు వేరు. చక్రాన్ని బండికి బిగించే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా రిమ్ము నట్లు విప్పితే ముక్క ఎగిరి ముఖానికి తగులుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. గాలి మొత్తం తీశాకే రిమ్ము విప్పాలి.

బండిని మార్చవచ్చా?

వెల్డింగు పని చేసే ఒకతను సలహా ఇచ్చాడు. "వెనక కోసేసి పెద్ద ఇనుప చట్రం వేస్తాను. నాలుగు గిన్నెలు ఒకేసారి పడతాయి."

రాజమ్మకు ఆశ పుట్టింది. మస్తాన్‌ను అడిగింది.

"వద్దు చెల్లెమ్మా. వెనక బరువు పెరిగితే ముందు చక్రం తేలిపోతుంది. హ్యాండిలు మాట వినదు. ఈ బ్రేకులు అంత బరువును ఆపలేవు. నడిపేది నీ కూతురు."

రాజమ్మ ఇంకేమీ మాట్లాడలేదు.

చట్టం కూడా ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఉంది. ఆర్సీలో రాసిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంజను మార్చాలన్నా ముందు రవాణా ఆఫీసు అనుమతి తీసుకోవాలి. కాళ్లు సరిగా లేనివారు స్కూటరుకు పక్క చక్రాలు వేయించుకోవచ్చు. దానికీ అనుమతి తీసుకుని, ఆర్సీలో రాయించుకోవాలి.

చివరకు బోల్టులతో బిగించే చిన్న క్యారియరు వేయించారు. గిన్నెలు రెండు సార్లుగా తీసుకుపోవాలని అనుకున్నారు.

కాగితాలు

రాజమ్మ తడిగుడ్డతో బండి మీది చాసిస్ నంబరు తుడిచింది. ఒక్కొక్క అంకె పైకి చదివింది. సరోజ ఆర్సీ పుస్తకంలో చూసింది. అన్నీ సరిపోయాయి.

కొత్త బండి రిజిస్ట్రేషను 15 ఏళ్లు ఉంటుంది. తర్వాత అయిదేళ్లకు ఒకసారి కొత్త చేయించాలి. దానికి ఫారం 25. ఈ బండికి 2021లో గడువు దాటింది. పైగా ఆర్సీ ఇంకా భర్త పేరునే ఉంది. యజమాని చనిపోతే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31. రెండు ఫారాలూ రాజమ్మ తానే నింపింది. వేలిముద్ర వేయలేదు. సంతకం చేసింది. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి తనిఖీకి తీసుకుపోయారు. ఆలస్యానికి జరిమానా కట్టారు. బీమా, పొగ సర్టిఫికెట్టు కూడా తీసుకున్నాకే బండి రోడ్డెక్కింది.

ఇప్పుడు తెల్లవారుజామున సరోజ హెల్మెట్ పెట్టుకుని గిన్నెలు దించి వస్తుంది. రెండోసారి అమ్మను ఎక్కించుకుంటుంది. రాజమ్మ కూడా హెల్మెట్ పెట్టుకుంటుంది. కోళ్లకు మాత్రం వేరే చోటు చూడాల్సి వచ్చింది.

గుర్తుంచుకోండి

బండి ఆగితే తేలికైన కారణం ముందు చూడండి.
ఏది పాడయిందో చూపించమని మెకానిక్కును అడగండి.
మార్చిన పాత సామాను, బిల్లు అడిగి తీసుకోండి.
కాగితాలు లేకుండా బండి రోడ్డు మీదికి తీయకండి.

లెక్క చేయండి

1. రాజమ్మ బిల్లు ఇది: ప్లగ్గు 150, పైపు 60, కార్బొరేటరు సామాను 250, కేబుళ్లు 400, టైర్లు 2200, కూలి 600. మొత్తం ఎంత? మొదటి మెకానిక్కు అడిగిన దానికన్నా ఎంత తక్కువ?
2. మూడు లీటర్ల పెట్రోలుకు 2 శాతం నూనె ఎంత?
3. 1998లో రిజిస్టరు చేసిన బండికి మొదటి గడువు ఏ సంవత్సరంలో ముగిసింది?

మాట్లాడుకోండి

మీ ఇంట్లో మూలన పడి ఉన్న బండి, కుట్టుమిషను, పంపు ఏదైనా ఉందా? అది ఎందుకు ఆగింది? విప్పి చూశారా, లేక ఎవరో చెప్పిన మాట నమ్మారా?