రూకీ క్యాంపులో కుర్రాళ్లని ఎలా చూడాలి

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడ్డ మన కుటుంబాల్లో మంచు హాకీ మీద మనసు పడ్డ పిల్లలున్నారు. సెప్టెంబర్ వచ్చేసరికి వాళ్లకు డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ కొత్తవాళ్లకు పెట్టే రూకీ క్యాంపు ధ్యాసే. "తాతగారూ, ఈసారి ఎవరు పైకొస్తారు?" అని అడుగుతారు. జోస్యం నాకు చేతకాదు. ఏళ్ల తరబడి రింకు పక్కన కూర్చున్నందుకు, ఏం చూడాలో మాత్రం చెప్పగలను.

ముందు ఒక లెక్క. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, డ్రాఫ్టులో 7 రౌండ్లు. అంటే ఏటా సుమారు 224 మంది కొత్త కుర్రాళ్లు ఏదో ఒక జట్టు ఖాతాలో చేరతారు. జట్టులో ఉండేది 23 మంది, వాళ్లలో చాలామంది పాతవాళ్లే. క్యాంపుకొచ్చే ప్రతి కుర్రాడికీ ఈ సంగతి తెలుసు. దాన్ని మనసులో పెట్టుకుని చూడండి.

1. గోల్స్ కంటే ముందు వయసు చూడండి

మిషిగన్ ఉత్తరాన, చెర్రీ తోటల ఊరు ట్రావర్స్ సిటీలో 1998లో మొదలైన కుర్రాళ్ల టోర్నమెంటులో చాలా జట్లు తమ కొత్తవాళ్లని దింపాయి. అలాంటిచోట 21 ఏళ్లవాడు, మొన్ననే డ్రాఫ్టయిన 18 ఏళ్లవాడు ఒకే మంచు మీద ఆడతారు. ఆ వయసులో మూడేళ్ల తేడా అంటే ఒంటి బలమే వేరు. పెద్దవాడు మూడు గోల్స్ కొట్టాడని మురిసిపోకండి. చిన్నవాడు పక్ కోసం అతనితో గోడ దగ్గర పెనుగులాడి నిలబడ్డాడా? ఆ పేరు రాసుకోండి.

2. డ్రాఫ్టు నంబరు క్యాంపు గుమ్మం దాకానే

2008లో రెడ్ వింగ్స్ స్టాన్లీ కప్పు గెలిచిన జట్టులో పావెల్ దాత్సుక్, హెన్రిక్ జెట్టర్‌బర్గ్, తోమస్ హోల్మ్‌స్ట్రోమ్ ఉన్నారు. డ్రాఫ్టులో వాళ్ల స్థానాలు వరుసగా 171, 210, 257. ఆ ఏడు ప్లేఆఫ్స్‌లో మేటి ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ 210వ వాడికే దక్కింది. నిన్నగాక మొన్న, 2023లో 201వ స్థానంలో తీసుకున్న ఎమిట్ ఫిన్నీ 2025 అక్టోబర్‌లో మొదటి రోజే డెట్రాయిట్ జట్టులో ఆడాడు.

ఈ కథలో నాకు మరీ ఇష్టమైన భాగం వేరే ఉంది. యూరప్‌లో డెట్రాయిట్ స్కౌట్ హోకన్ ఆండర్సన్ మాస్కో వెళ్లింది దాత్సుక్ కోసం కాదు, డిమిత్రి కాలినిన్ అనే డిఫెన్స్ కుర్రాడి కోసం. జెట్టర్‌బర్గ్ కంటపడిందీ ఇంకొకరిని చూడబోయినప్పుడే. అందుకే ఎవరి కోసం టికెట్టు కొన్నామో వాళ్ల మీదే కళ్లన్నీ పెట్టకూడదు.

3. పక్ లేనివాణ్ని చూడండి

చూసేవాళ్ల కళ్లు పక్ వెంటే పరుగెడతాయి. ఒక్క ఆటలో ఒక్క కుర్రాణ్ని ఎంచుకుని, పక్ ఎక్కడున్నా సరే, అతన్నే చూడండి. డిఫెన్స్ ఆడేవాడైతే, మూలకు పడిన పక్ కోసం వెనక్కి పరుగెత్తేటప్పుడు భుజం మీదుగా ఓసారి వెనక చూశాడా? ముందే చూసుకున్నవాడికి పక్ అందేలోపే దారి తెలుస్తుంది. చూసుకోనివాడు గోడకు గుద్దుకున్నాక వెతుక్కుంటాడు. ఫార్వర్డ్ అయితే, తన చేతిలో పక్ పోయిన మరుక్షణం గమనించండి. కర్ర ఎత్తి రిఫరీ వైపు చూస్తాడా, అప్పుడే వెనుదిరిగి పరుగందుకుంటాడా? ఇంకోటి: బెంచికి ఎప్పుడొస్తున్నాడు? ముప్పావు నిమిషం దాటితే కాళ్లు బరువెక్కుతాయి. గోల్ ఆశతో ఇంకా మంచు మీదే ఉండిపోయేవాణ్ని కోచ్ వెంటనే గుర్తుపడతాడు. చేతి నేర్పు పుట్టుకతో రావచ్చు కానీ ఇవి అలవాట్లు, నేర్చుకున్నవాడికే వస్తాయి. పైమెట్టు మీద అన్నం పెట్టేవి ఇవే.

4. గోల్‌కీపర్ దగ్గర తొందర పనికిరాదు

అంటు మామిడి మూడో ఏడాదికే కాపుకొస్తుంది, టెంక నాటిన చెట్టుకు ఎన్నో ఏళ్లు ఆగాలి. గోల్‌కీపర్ టెంక చెట్టు. జిమ్మీ హోవర్డ్‌ను డెట్రాయిట్ 2003లో తీసుకుంది. డెట్రాయిట్ కింది జట్టు గ్రాండ్ రాపిడ్స్ గ్రిఫిన్స్‌లో నాలుగు సీజన్లు ఆడాక, 2009-10లో గాని అతనికి పెద్ద జట్టులో స్థిరమైన చోటు దొరకలేదు.

5. వెనక్కి పంపితే ఓడిపోయినట్టు కాదు

ఇది తెలియకే పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. కెనడా జూనియర్ లీగుల నుంచి వచ్చిన కుర్రాడికి 20 నిండకపోతే సాధారణంగా రెండే దారులు: ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాలి, లేదా జూనియర్‌కి తిరిగిపోవాలి. మధ్యలో ఉన్న ఏహెచ్‌ఎల్‌కి పంపకూడదన్నది ఏళ్లనాటి నిబంధన. లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2025లో కుదిరిన కొత్త ఒప్పందంలో గాని దాన్ని సడలించే మాట రాలేదు. పైగా 18, 19 ఏళ్లవాడు పదో మ్యాచ్ ఆడాడంటే జట్టుతో అతని మూడేళ్ల తొలి ఒప్పందంలో ఒక ఏడాది ఖర్చయిపోతుంది. తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి ఇంటికి పంపడం వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే.

మోరిట్జ్ సైడర్‌ని చూడండి. 2019లో డెట్రాయిట్ ఆరో స్థానంలో ఎంచుకుంటే, చూసినవాళ్లే కాదు, ఆ జర్మన్ కుర్రాడు కూడా నోరెళ్లబెట్టాడు. ఒక ఏడాది గ్రాండ్ రాపిడ్స్, ఇంకో ఏడాది స్వీడన్, ఆ తర్వాతే డెట్రాయిట్. 2022లో ఉత్తమ నూతన ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు.

6. పిలుపు మీద వచ్చినవాళ్లు

డ్రాఫ్టులో ఎవరూ ఎంచుకోని కుర్రాళ్లు కూడా కొందరు పిలుపందుకుని వస్తారు. వాళ్ల పేర్లు జాబితాలో చివర ఉంటాయి. గ్రాండ్ రాపిడ్స్‌లో పుట్టిన లూక్ గ్లెండెనింగ్ డ్రాఫ్టు కాలేదు. మిషిగన్ యూనివర్సిటీలో ఆడి, టొలీడో, గ్రాండ్ రాపిడ్స్ మెట్లెక్కి, ఎన్‌హెచ్‌ఎల్‌లో 800 పైచిలుకు మ్యాచ్‌లు ఆడాడు. మన పిల్లలకు ఇంకో పేరు కూడా చెబుతుంటాను: అర్ష్‌దీప్ బైన్స్. బ్రిటిష్ కొలంబియాలోని సర్రీకి చెందిన పంజాబీ కుర్రాడు. అతన్నీ ఏ జట్టూ డ్రాఫ్టులో తీసుకోలేదు. 2021-22లో 112 పాయింట్లతో పశ్చిమ జూనియర్ లీగులో అందరికంటే ముందు నిలిచాడు, ఆ సీజన్‌లోనే వాంకూవర్ ఒప్పందం ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద అడుగుపెట్టాడు.

7. నోరు జాగ్రత్త

స్టాండ్స్‌లో మీ ముందు వరసలో కూర్చున్నది ఆ కుర్రాడి తల్లి కావచ్చు. నాలుగింటికి లేచి, పిల్లాణ్ని కారెక్కించి, గడ్డకట్టే చలిలో రింకుకు తీసుకెళ్లిన మనిషి ఆవిడ. ఆటని విమర్శించండి, తప్పులేదు. పద్దెనిమిదేళ్లవాణ్ని పట్టుకుని "వీడు దండగ" అనడం నాకు సహించదు. అలా అనే హక్కు మనకు లేదు.

8. మార్చిలో మళ్లీ చూడండి

క్యాంపు అయ్యాక వీళ్లని మరిచిపోతే చూసినదంతా వృథా. డెట్రాయిట్ నుంచి రెండున్నర గంటలు కారు నడిపితే గ్రాండ్ రాపిడ్స్‌లో వాన్ ఆండెల్ అరీనా వస్తుంది. సెప్టెంబర్‌లో చూసినవాళ్లు కొందరు గ్రిఫిన్స్ చొక్కా వేసుకుని అక్కడే ఆడుతుంటారు. క్యాంపులో రాసుకున్న పుస్తకం వెంట తీసుకెళ్లండి. అప్పుడు వెనక చూసుకోకుండా మూలకు పరుగెత్తినవాడు ఇప్పుడు చూసుకుంటున్నాడా, లేదా? ఆ పేరు పక్కనే తేదీ వేసి రాయండి.