తులసమ్మ భూమి

పొలం పని ఎవరు చేస్తారు? మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ ప్రశ్న అడిగితే చిన్నపిల్ల కూడా జవాబు చెబుతుంది. పత్తి తీసేది ఆడవాళ్లు. మిరప నారు నాటేది ఆడవాళ్లు. కలుపు తీసేది, కాయ కోసేది, కల్లంలో ఎండబోసేది, తాలు ఏరేది ఆడవాళ్లు.

సరే. ఆ పొలం ఎవరి పేర ఉంది? ఇంట్లో పాసుపుస్తకం ఉంటే తీసి చూడండి. మీకిప్పుడు చదవడం వచ్చు. పట్టాదారు పేరు అని ఉన్నచోట ఎవరి పేరుందో చదవండి. చాలా ఇళ్లలో తండ్రి పేరో, మొగుడి పేరో, మామగారి పేరో ఉంటుంది.

భూమిలో ఆడవాళ్లకు వాటా ఉందని చట్టం చెబుతోంది. కొత్తగా చెబుతున్నది కాదు, ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. మరి పుస్తకంలో పేరెందుకు లేదు? ఈ సంగతి తెలియాలంటే ముందు తులసమ్మ కథ తెలుసుకోవాలి. ఇది కల్పించిన కథ కాదు. కోర్టు తీర్పులో రాసి ఉన్న కథ.

ప్రకాశం జిల్లాను ఆనుకొని దక్షిణాన నెల్లూరు జిల్లా ఉంది. తులసమ్మ ఆ జిల్లా కోర్టులకు ఎక్కిన మనిషి. ఆమె భర్త 1931లో చనిపోయాడు. ఆయనా, ఆయన సవతి సోదరుడూ ఉమ్మడిగా ఉండేవారు. ఆ రోజుల్లో ఉమ్మడి ఆస్తి అంటే మగవాళ్ల ఆస్తే. ఒక మగవాడు కొడుకులు లేకుండా పోతే అతని వాటా మిగిలిన మగవాళ్లకు పోయేది. విధవరాలికి తిండి, బట్ట పెడితే చాలు. దానికి మనోవర్తి అని పేరు.

1937లో ఒక చట్టం వచ్చింది. భర్త వాటా భార్య అనుభవించవచ్చు అన్నది. అయితే బతికినంతకాలమే. అమ్మడానికి వీల్లేదు. ఆ పాటి చట్టం కూడా తులసమ్మకు పనికిరాలేదు. ఆమె భర్త అంతకు ఆరేళ్ల ముందే పోయాడు కదా!

తులసమ్మ 1944లో నెల్లూరు మునసబు కోర్టుకు వెళ్లింది. నాకు మనోవర్తి ఇప్పించండి అని అడిగింది. కోర్టు ఫీజు కట్టే స్తోమతు లేదు. అందుకని పేదరాలిగా అర్జీ పెట్టుకుంది. కోర్టు ఆమెకు అనుకూలంగా డిక్రీ ఇచ్చింది. డిక్రీ అంటే కోర్టు వేసిన ఉత్తర్వు. డబ్బు చేతికి రావడం వేరే సంగతి. చివరికి 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. కానీ కాగితంలో ఒక షరతు పెట్టారు. బతికినంతకాలం ఫలసాయం తినాలి, అమ్మకూడదు, ఆమె తరువాత ఆస్తి మళ్లీ అవతలివాళ్లకే పోవాలి.

చూశారా! భూమి ఆమె చేతిలో ఉంది. హక్కు మాత్రం సగమే ఉంది.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షను మనలాంటివాళ్లు గుర్తు పెట్టుకోదగ్గది. ఆడమనిషి స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమే పూర్తి యజమాని అంటుంది ఆ సెక్షను. అయితే దాని కిందే ఒక మెలిక ఉంది. ఎవరైనా షరతుతో రాసిచ్చిన ఆస్తి అయితే ఆ షరతు అలాగే ఉంటుందట.

తులసమ్మ 1960లో, 1961లో రెండు రిజిస్టరు దస్తావేజులు రాసింది. కొంత ఆస్తి కౌలుకు ఇచ్చింది. కొంత అమ్మింది. వెంటనే భర్త సవతి సోదరుడు దావా వేశాడు. నీకు అమ్మే హక్కు లేదన్నాడు.

మునసబు కోర్టులో తులసమ్మ ఓడిపోయింది. జిల్లా కోర్టులో గెలిచింది. హైకోర్టులో మళ్లీ ఓడిపోయింది. ఆమె ఆగలేదు. ఢిల్లీలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1977 మార్చి 17న ముగ్గురు జడ్జీలు తీర్పు చెప్పారు. ఆ భూమి తులసమ్మకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదన్నారు. ఆమెకు ముందునుంచే రావలసిన మనోవర్తికి బదులుగా వచ్చిందన్నారు. కాబట్టి 1949 నాటి షరతు చెల్లదు, ఆమే పూర్తి యజమాని అని తేల్చారు. ఆ జడ్జీల్లో ఒకాయన ఇంకో మాట కూడా రాశారు. ఈ సెక్షను తికమకగా రాయడం వల్ల కక్షిదారులు తిప్పలు పడ్డారనీ, లాభపడింది వకీళ్లేననీ ఆయన బాధ.

భర్త పోయిన 46 ఏళ్లకు ఆ భూమి పూర్తిగా ఆమెది అయింది. ఈ తీర్పు ఆమె ఒక్కదానికే కాదు, దేశంలో అలాంటి విధవరాళ్లందరికీ పనికొచ్చింది. ఇప్పటికీ కోర్టుల్లో వకీళ్లు తులసమ్మ కేసు అని పేరు పెట్టి చెబుతారు.

చట్టం 1956లోనే ఉంది. కానీ దాన్ని పట్టుకొని నాలుగు కోర్టుల మెట్లు ఎక్కిన మనిషి లేకపోతే అది పుస్తకంలోనే ఉండేది. వెనక కూడా ఇలాగే జరిగింది. విధవలు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. మన తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో 25 ఏళ్లు! పైగా ఆ చట్టం మళ్లీ పెళ్లి చేసుకున్న ఆమెకు మొదటి భర్త ఆస్తిలో హక్కు పోతుందన్నది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడమంటే ఇదే.

ఎప్పుడూ చట్టమే ముందు వస్తుందని కూడా అనుకోవద్దు. సారా సంగతి చూడండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కూడా మీలాగే పెద్ద వయసులో అక్షరాలు నేర్చుకున్నవాళ్లు. వాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. అప్పుడు ప్రభుత్వం కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించింది. 1995లో మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో మద్య నిషేధం సడలించారు. ఆడవాళ్లు తెప్పించిన చట్టం రెండేళ్లకే చేజారింది.

ఇప్పుడు మన ఇంటి ఆడపిల్లల దగ్గరకు వద్దాం.

ఒక లెక్క వేద్దాం. పలక తీసుకోండి. ఒక తండ్రికి తాతల నాటి భూమి 6 ఎకరాలుంది. ఒక కొడుకు, ఒక కూతురు. భార్య ముందే చనిపోయింది. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. 1956 నాటి చట్టం ప్రకారం ముందు తండ్రికీ కొడుక్కీ చెరి 3 ఎకరాలు లెక్క కడతారు. కూతురికి ఈ లెక్కలో చోటు లేదు. తండ్రి 3 ఎకరాలే ఇద్దరు పిల్లలకూ పంచుతారు. కొడుక్కి మొత్తం నాలుగున్నర ఎకరాలు. కూతురికి ఎకరంన్నర.

1986లో మన రాష్ట్రం ఈ లెక్క మార్చింది. అప్పుడు ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రి. కూతురికి కూడా కొడుకులాగే పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో వాటా ఉందని చట్టం చేశారు. అలా చేసిన మొదటి రాష్ట్రం మనదే. ఇప్పుడు 6 ఎకరాలు మూడు భాగాలు. తండ్రికి 2, కొడుక్కి 2, కూతురికి 2. తండ్రి పోతే ఆయన 2 ఎకరాలు చెరి ఒకటి. కూతురికి మొత్తం 3 ఎకరాలు. కొడుక్కి 3 ఎకరాలు.

ఈ చట్టంలోనూ ఒక మెలిక పెట్టారు. ఇది 1985 సెప్టెంబరు 5 నుంచి లెక్క. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఇది వర్తించదన్నారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లు. అక్క పెళ్లి 1984లో, చెల్లెలి పెళ్లి 1987లో. చెల్లెలికి పుట్టుక హక్కు ఉంది, అక్కకు లేదు! ఇదేం న్యాయం అని ఎందరో అడిగారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటికీ కొత్త సవరణ వచ్చింది. అందులో పెళ్లి అన్న అడ్డు తీసేశారు. తండ్రి ఆ తేదీకి ముందే చనిపోయి ఉంటే ఎలా అని మళ్లీ తగాదాలు వచ్చాయి. హక్కు పుట్టుకతో వచ్చింది, తండ్రి బతికి ఉండక్కరలేదు అని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగతోడరు.

ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. తండ్రి తన కష్టంతో కొన్న భూమి స్వార్జితం. దాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు. వీలునామా లేకుండా పోతేనే అందులో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. చనిపోయిన కొడుకు ఉంటే అతని వాటా అతని భార్యకు, పిల్లలకు వస్తుంది. పత్తి అప్పులతో మొగుణ్ణి పోగొట్టుకున్న కోడళ్లు మన జిల్లాల్లో ఎందరున్నారో మీకు తెలుసు. పొలం మామగారి పేరన ఉంది, నీకేముంది అని వాళ్లను అంటుంటారు. ఆ మాట చట్టం ప్రకారం సరికాదు.

ఈ పాఠం హిందూ కుటుంబాల గురించి. క్రైస్తవులకు, ముస్లింలకు వేరే నియమాలున్నాయి. క్రైస్తవ కుటుంబంలో తండ్రి వీలునామా లేకుండా పోతే కూతురికీ కొడుక్కీ సమానమే. ముస్లింలలో కూతురికి కొడుకు వాటాలో సగం.

మిరపకాయల తొడిమలు తీస్తూ ఈ సంగతి ఎత్తి చూడండి. పదిమంది పది మాటలంటారు.

"కట్నం ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏంటంటారు మా వాళ్లు."

"పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చారు. కాగితం లేదు. నోటిమాటే."

"అన్నను అడిగితే పుట్టింటి గడప తొక్కనిస్తాడా అక్కా? రేపు మొగుడు కొడితే నేనెక్కడికి పోవాలి?"

మూడో మాట అన్నిటికన్నా బరువైంది. ఈ భయం ఉత్తది కాదు. చట్టం రాసినవాళ్లు దీనికి జవాబు రాయలేదు. అన్న ఇంట్లో రెండు రోజులు తలదాచుకునే చోటు కోసం చాలామంది చెల్లెళ్లు మూడెకరాలు వదులుకున్నారు. వాళ్లను తెలివితక్కువవాళ్లని అనకూడదు.

కానీ మొదటి మాటకు జవాబుంది. కట్నం చట్టప్రకారం నేరం. 1961 నుంచీ నేరమే. కట్నం ఇచ్చాం కాబట్టి వాటా పోయిందని ఏ చట్టంలోనూ లేదు. ఆ డబ్బు వెళ్లింది అత్తవారి చేతికి. మీ పేర ఏం వచ్చింది? రెండో మాటకూ జవాబుంది. భూమి ఇస్తే దానపత్రం రాసి రిజిస్టరు చేయించాలి. నోటిమాటకు సాక్ష్యం చెప్పే పెద్దలు పోయాక ఆ అరెకరం ఎవరిది?

వాటా అడగడమంటే కోర్టుకు పోవడమే అనుకోవద్దు. పొలం అన్నే చేసుకోవచ్చు. నా వాటా నా పేర ఉండనీ, నువ్వు కౌలు ఇవ్వు అని అడగవచ్చు. ఇలా కుదుర్చుకున్న కుటుంబాలూ ఉన్నాయి. రాకపోకలూ నిలిచాయి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన రోజు ఒకటుంది. తండ్రి పోయాక పెద్దకర్మకు మీరు పుట్టింటికి వెళతారు. కళ్ల నీళ్లు ఆరకముందే ఎవరో ఒక కాగితం తెస్తారు. "ఏం లేదమ్మా, పేర్లు మార్చుకోవడానికి, ఇక్కడ ఒక సంతకం పెట్టు" అంటారు. వెనక మనం వేలిముద్ర వేసేవాళ్లం. ఇప్పుడు సంతకం పెడుతున్నాం. చదవకుండా పెట్టిన సంతకం కూడా వేలిముద్ర లాంటిదే.

ఆ కాగితం పైన ఏమని ఉందో చూడండి. హక్కు విడుదల దస్తావేజు అని ఉంటే మీ వాటా వదులుకుంటున్నారని అర్థం. లోపల సర్వే నంబరు ఉంటుంది. ఎకరాలు, సెంట్లు ఉంటాయి. నాలుగు పక్కల హద్దులుంటాయి. మీకు డబ్బు ముట్టిందని రాసి ఉంటే నిజంగా ముట్టిందా? కుటుంబ సభ్యుల పేర్ల కాగితం అయితే అందులో కూతుళ్ల పేర్లున్నాయా? అర్థం కాకపోతే "ఇవాళ కాదు, చదివించుకొని చెబుతాను" అనండి. అది గొడవ కాదు. రిజిస్టరు అయిన విడుదల దస్తావేజును రద్దు చేయించడం చాలా కష్టం. మోసం జరిగిందని కోర్టులో రుజువు చేసుకోవాలి.

తులసమ్మ పేదరాలిగా అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. ఆదాయం ఎంత అని అడగరు. గుంటూరులో, ఒంగోలులో జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. చిన్న కోర్టులున్న పట్టణాల్లో మండల స్థాయి సంఘాలున్నాయి. ఫోను చేయాలంటే నంబరు 15100.

మాకు భూమే లేదు, ఈ గోల మాకెందుకు అని కూలికి వెళ్లే అక్కలు అంటారు. వాళ్లకూ కాగితాలున్నాయి. ఇంటి స్థలం పట్టా ఉంటుంది. అది మీ పేర ఉంటే పెట్టెలో ఎక్కడుందో మీకు తెలియాలి. తాకట్టు పెట్టడానికి సంతకం అడిగితే అప్పు ఎంతో, వడ్డీ ఎంతో చదవాలి.

మీ చదువు కేంద్రంలో మాట్లాడుకోండి:

మీలో ఎంతమంది పుట్టింట్లో సంతకం పెట్టారు? ఆ కాగితంలో ఏముందో తెలుసా?

మీ నాన్న భూమి తాతల నాటిదా, స్వార్జితమా?

పైన వేసిన 6 ఎకరాల లెక్కలో ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు ఉంటే ఎవరికి ఎంత వస్తుంది? పలక మీద వేసి చూడండి.

మీ కూతురి పెళ్లి మాటలు వచ్చినప్పుడు ఆమె పేర ఏం రాయిద్దామనుకుంటున్నారు?