గీసే చేయి – అచ్చువేసే చేయి



ఈ సంచికకు వచ్చిన రచనలను మేము నలుగురం కూర్చుని విడదీస్తుంటే ఒక కార్టూన్ దొరికింది. గీసింది ఏడో తరగతి చెల్లి. అన్నాల వేళ ఒక అమ్మాయి సాంబారు గిన్నెలో గాలం వేసి కూర్చుంది. పక్కమ్మాయి “ముక్క తగిలిందా?” అని అడుగుతోంది. మేము పడిపడి నవ్వాం. తరువాత దాన్ని పక్కన పెట్టేశాం. “మేడమ్ గారు ఏమనుకుంటారో!” అని ఒకరు, “ఆడపిల్లలకు కార్టూన్లేమిటి?” అని ఒకరు అన్నాం.

ఆ రెండో మాటకు జవాబు వెదికితే రాగతి పండరి గారు కనిపించారు.

పండరి గారు 1965లో విశాఖపట్నంలో పుట్టారు. చిన్ననాడే పోలియో సోకి నడక కష్టమైంది. ఎనిమిదేళ్ళ వయసులోనే కార్టూన్లు గీయడం మొదలుపెట్టారు. ప్రసిద్ధ కార్టూనిస్టు జయదేవ్ గారిని గురువుగా భావించారు. ఆంధ్రజ్యోతి, స్వాతి వంటి పత్రికల ద్వారా ఇంటింటికీ తెలిశారు. ఆలుమగల మాటలు, రాజకీయ నాయకుల వేషాలు ఆమె బొమ్మల్లో నవ్వులయ్యాయి. దాదాపు అందరూ మగవారే ఉన్న రంగంలో వేలాది కార్టూన్లు గీసి, 2015 ఫిబ్రవరి 19న, యాభై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు.

కార్టూన్ చూడడానికి తేలిక, గీయడం కష్టం. కథకు పది పేజీలుంటాయి, కార్టూన్‌కు ఒక్క గడే. మనుషులెవరో, ఎక్కడున్నారో, ఏం జరిగిందో చూడగానే తెలియాలి. కింద రాసే మాట ఒకటి రెండు వాక్యాలు దాటకూడదు. బొమ్మలో ఉన్నదే మాటలో మళ్ళీ చెబితే నవ్వు రాదు. ఆ రోజుల్లో నల్ల ఇంకుతో గీసి, తిరుగు స్టాంపులు జతచేసి పోస్టులో పంపేవారు. నచ్చకపోతే ఆ స్టాంపులతోనే బొమ్మ తిరిగి వచ్చేది.

ఇక అచ్చువేసేవారి సంగతి. న్యాయపతి కామేశ్వరి గారిని (1908–1980) పిల్లలందరూ “రేడియో అక్కయ్య” అనేవారు. ఆమె, భర్త రాఘవరావు గారు కలిసి 1945లో మద్రాసు నుంచి “బాల” అనే పిల్లల పత్రిక తెచ్చారు. చందమామ వచ్చింది ఆ తరువాత రెండేళ్ళకు. పిల్లలు రాసి పంపినవాటికి “బాల”లో చోటుండేది. మన కాలువలకు నీరు వదిలే ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ గారి మొదటి కథ ఆ ఏడాదే “బాల”లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు! “పెద్దయ్యాక రా” అని ఆ పత్రిక తిప్పి పంపలేదు.

ఇది చదివాక మాకు సిగ్గువేసింది. పండరి గారు గీసినా, అచ్చువేసే పత్రిక లేకపోతే ఆ బొమ్మ ఇంట్లోనే ఉండిపోయేది. మా చేతిలో ఉన్నది పదహారు పేజీల చిన్న సంచికే కావచ్చు. అయినా ఒక చెల్లి మొదటి బొమ్మ వెలుగు చూడాలా, అట్టపెట్టెలో ఉండిపోవాలా అన్నది ఆ పూట మేమే తేల్చాము. ఎవరో కోప్పడతారని కాదు, కోప్పడతారేమోనని మేమే ముందుగా భయపడ్డాం.

మరునాడు బొమ్మ పట్టుకుని మేడమ్ గారి దగ్గరకు వెళ్ళాం. ఆమె చాలాసేపు చూశారు. నవ్వలేదు. “వేయండి. కింద ఆ పిల్ల పేరు కూడా వేయండి” అన్నారు.

చెల్లెళ్ళూ! నోటుపుస్తకం చివరి పేజీల్లో దాచుకున్న బొమ్మలు మీలో ఎందరి దగ్గర ఉన్నాయో మాకు తెలుసు. వచ్చే ఏడాది సంచిక చూసే అక్కలకు అవి ఇవ్వండి. ఆ అక్కలకు మా మనవి ఒక్కటే: నవ్వు వచ్చిన బొమ్మను భయంతో పక్కన పెట్టకండి.

సాంబారు గాలం కార్టూన్ తరువాతి పేజీలో ఉంది. చూడండి.