ఆ తల్లి ఎరగని కొడుకు

చేజర్ల

చిరంజీవి నాయనకు,

నీ ఉత్తరం అందింది. నీ స్నేహితుడు పోయి ఏడాది కావస్తోంది, వేసవి క్యాంపుల్లో అతనితో తిరిగిన వాళ్లంతా ఒకచోట చేరాలనుకుంటున్నారు, ఏం చేస్తే బాగుంటుందని అడిగావు. హాలు మాట్లాడి, ఫ్లెక్సీ కట్టి, మైకులో వరసగా మాట్లాడదామని మీవాళ్లు అంటున్నారట. అవేవీ వద్దు నాయనా. అందరూ కలిసి వాళ్లమ్మ దగ్గరికి పోండి.

ఎందుకంటున్నానో చెప్తా. ఆ పిల్లాడు ఇంట్లో పెద్దగా నోరు విప్పేవాడు కాదు. నిమ్మతోటకు నీళ్లు కట్టి వచ్చి, ఇంత తిని పడుకునేవాడు. ఆమె ఎరిగిన కొడుకు అతనే. సెలవులొస్తే సంచి భుజాన వేసుకుని ఉదయగిరి దుర్గానికో, పెంచలకోన అడవికో మీతో బయల్దేరినవాడు, రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు ముందుగా పాట అందుకున్నవాడు ఆమెకు తెలియడు. మీకు తెలుసు. కొడుకులో ఆ సగం మీ దగ్గరే ఉండిపోయింది. తీసుకెళ్లి ఆమెకు అప్పజెప్పండి.

నువ్వే ఒకసారి చెప్పావు, దుర్గం ఎక్కేటప్పుడు అతను ఎప్పుడూ అందరికంటే వెనక నడిచేవాడని. ఆయాసంతో రాయి మీద కూలబడ్డ పిల్లల పక్కన తనూ కూర్చుని, జేబులోంచి నిమ్మకాయ తీసి చాకుతో రెండు చెక్కలు చేసి, కాగితంలో పొట్లం కట్టుకొచ్చిన ఉప్పు అద్ది చేతిలో పెట్టేవాడట. ఇంకెంత దూరమన్నా అని అడిగితే, వచ్చేసిందని బుకాయించేవాడు కాడట. “ఇంకా చాలా ఉంది, మెల్లగా పోదాం” అనేవాడట. ఆ కాయలు ఆ తల్లి తోటలోవే కదా. అవి ఎంతమంది పిల్లల్ని కొండెక్కించాయో ఇప్పటిదాకా ఆమెతో ఎవరన్నా అన్నారా?

పోయినవాడి కోసం స్నేహితులు ఏం చేయగలరో ఒక సంగతి చెప్తా. కొండలెక్కిన మల్లి మస్తాన్‌బాబు పేరు నీకు కొత్త కాదు. మనకు దగ్గర్లోనే, సంగం మండలం గాంధీ జనసంఘంలో పుట్టినవాడు. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు. అదే బడిలో చదివి సైన్యంలో చేరిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు ఎక్కబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన్ను ఆ బడి మరిచిపోలేదు. ఆ స్ఫూర్తితోనే మస్తాన్‌బాబు కొండల దారి పట్టాడు. ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం చదువులు కూడా అతన్ని ఆ దారి మళ్లించలేకపోయాయి. 2006 జనవరి 19న అంటార్కిటికాలో విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి, జూలై 10న అలాస్కాలో డెనాలీ ఎక్కి, 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేశాడు. నీ వయసు పిల్లలు ఆ లెక్కలే చెప్పుకుంటారు. నాకు మాత్రం 2015 సంగతే ఎక్కువ గుర్తు. మార్చిలో ఆండీస్ కొండల్లో అతని జాడ తెలియకుండా పోతే, వెతికించమని ఊపిరి సలపకుండా తిరిగింది అతనితో చదివినవాళ్లూ, అతని స్నేహితులే. ఏప్రిల్ మొదట్లో దేహం దొరికింది. 25న సొంతూళ్లో అంత్యక్రియలు జరిగాయి. అంత దూరాన పోయిన మనిషి మన పెన్న గట్టుకు తిరిగొచ్చాడంటే, వెనక ఆ స్నేహాలు కూడా ఉన్నాయి.

మీవాడు పోయింది కొండమీద కాదు, రోడ్డుమీద. అతని కోసం ఎవరూ ఎక్కడా గాలించక్కర్లేదు. మీకు మిగిలింది ఆ ఇంటికి పోవడమే.

పోయాక ఉపన్యాసాలు వద్దు. ఒక్కొక్కరు ఒక్క సంగతి, జరిగింది జరిగినట్టు చెప్పండి. కొండ ఎక్కలేక ఏడ్చిన పిల్ల ఉంది చూడు, ఆమెను ముందు మాట్లాడనివ్వండి. మంచివాళ్లను దేవుడు తొందరగా తీసుకుపోతాడని ఎవరో ఒకరు అనబోతారు, అననివ్వకు. కన్నతల్లికి ఆ మాట పుండుమీద కారం. అతన్ని దేవుణ్ణి చేసి కూడా మాట్లాడకండి. గుడారం తాడు తను చెప్పినట్టే ముడేయాలని నీతో ఒక పూటంతా మాట్లాడకుండా కూర్చున్నాడే, అది చెప్పు. ఆ మొండితనం ఆమెకు బాగా తెలుసు. విన్న వెంటనే కొడుకును ఆనవాలు పడుతుంది.

ఎవరో ఒకరు ఇవన్నీ నోటుపుస్తకంలో రాసి ఆమె చేతికిచ్చి రండి. ఆమెకు చదువు రాదు, చిన్నకూతురు చదివి వినిపిస్తుంది. వచ్చే క్యాంపులో వెనక నడిచే పని ఎవరిదో కూడా ఆ ఇంట్లోనే, ఆమె వింటుండగా తేల్చుకోండి.

సంవత్సరీకం రోజున మాత్రం పోవద్దు. ఇంటినిండా చుట్టాలుంటారు, ఆమెకు వంటపనితోనే సరిపోతుంది. నాలుగు రోజులు ముందుగా, పొద్దున్నే ఎండ ముదరకముందు రండి. ఆత్మకూరులో దిగి ఫోన్ చెయ్యి. నేనూ మీతో వస్తాను.

మీ పెదనాయన